అత్త తల మీద మాటల బుడగ

తొంభైల్లో మాట. పటాన్‌చెరులో మా మేనత్త ఇంట్లో ఉంటూ, రోజూ బస్సులో నగరంలోని బొమ్మల కాలేజీకి వెళ్ళేవాణ్ణి. పరీక్షకు ఒక మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని నూనె రంగుల్లో పెద్ద బొమ్మ వేయాలి. అది తప్పితే ఏడాది పోయినట్టే.

మందుల కంపెనీలో పనిచేసే అత్తను కూర్చోమంటే జడుసుకుంది.

"గింత పెద్ద పటం పోయినోళ్ళకే ఏస్తర్రా."

చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. చూసినవాళ్ళకు తాను బతికున్నట్టు తెలియాలి.

కూర్చుందే గానీ, కుదురన్నది మా వంశంలోనే లేదు. కంపెనీ బస్సు హారన్ కోసం చెవులు రిక్కించి మోకాలు ఊపుతూనే ఉండేది. చూసి చూసి నా కాలూ ఊగేది. ఆ మోకాలు ఎన్నిసార్లు వేసినా రాయిలాగే వచ్చింది. విసుగెత్తి, చిన్నప్పుడు అన్నం మానేసి చదివిన కామిక్స్‌లో లాగా, దాని పక్కన నల్లటి వంపు గీతలు లాగాను. మోకాలు ఊగింది! ఇక నన్ను నేను ఆపుకోలేకపోయాను. తల పైన తెల్లటి బుడగ గీసి అత్త మాటే రాశాను: "జల్దీ కానియ్‌రా, బస్సొస్తది."

కాలేజీకి తీసుకెళ్తే మా సార్ చూసి మొహం చిట్లించారు.

"గీతలు పోనీలే. ఆ బుడగ తీసేస్తేనే పాస్."

పది రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పెత్తరమాస పొద్దున, మనసొప్పకపోయినా, బుడగ మీద రంగు పూసి, ఆరడానికి బొమ్మను తాత ఫోటో పక్కన ఆనించాను. పెద్దలకు పెట్టే రోజు కదా, కొత్తగా కిరాయికి దిగిన కోస్తా ఆవిడ పూలు తెచ్చింది. ఆవిడ ఇంకా అత్తను చూడలేదు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి తాతకూ అత్తకూ దండలు పడ్డాయి.

"అయ్యో పాపం, ఈవిడెప్పుడు పోయారండీ?"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అత్త గుమ్మంలో నిలబడి ఉంది. కోస్తా ఆవిడ కెవ్వుమంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్త బొమ్మనే చూసింది.

"నా మాటలేవిరా? మాటల్లేకుంటే దండనే ఏస్తరు మరి."

తడి ఆరని రంగును కత్తితో గీకేశాను. కింద ఎండిన బుడగ అలాగే ఉంది.

సార్ అన్నంత పనీ చేశారు. ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి, "పరీక్ష తప్పిన, అత్తా" అన్నాను.

"తప్పితే మళ్ళ గియ్యి. నేనేడికి పోత?" అంటుండగానే హారన్ మోగింది. చెప్పులు సగం తొడుక్కుని ఉరికింది.