పిచ్చమ్మ బూడిద కుండ

తెల్లవారుజామున నాగలక్ష్మికి కలలో అత్త కనిపించింది. పోయి ఎనిమిది రోజులైన మనిషి హాయిగా ఏ స్వర్గంలోనో కాళ్లు చాపుకొని కూర్చోక, దొడ్లో చిక్కుడు పందిరి కింద నిలబడి ఉంది. చీరె కుచ్చెళ్లు ఎగదోపుకొని, ఒక ఆకును వెనక్కి తిప్పి చూపిస్తోంది.

"చూసినావా, పేనుబంక పట్టింది. మంచు మీదనే బూడిద చల్లు. ఎండెక్కితే అంటుకోదు."

అంతే. ఎట్లున్నావని లేదు, నేను లేకుండా ఇల్లెట్ల జరుగుతోందని లేదు. బతికున్నన్నాళ్లూ పిచ్చమ్మ తీరు ఇదే. పని చెప్పడమే ఆమెకు తెలిసిన పలకరింపు.

నాగలక్ష్మి లేచి కూర్చుంది. కల ఎక్కడ ఆగిందో, మెలకువ ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియలేదు. పక్కన మొగుడు వెంకటేశ్వర్లు గురక పెడుతున్నాడు. వసారాలో ఆడబిడ్డ రామతులసమ్మ వాళ్లమ్మ కుట్టిన బొంత కప్పుకొని ముడుచుకుని పడుకుంది. మర్నాడు తెల్లారేసరికి జీపు వస్తుంది. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయి పాతాళగంగలో పిచ్చమ్మ అస్థికలు కలపాలి. తండ్రి పోయినప్పుడు వానలకు దారి తెగి ఆయనవి కలపలేకపోయారని తులసమ్మకు పాతికేళ్లుగా దిగులు. అమ్మదైనా ఒక్క రవ్వ మిగలకుండా గంగలో కలవాలని, లేకపోతే ఆమెకు పైన చోటు దొరకదని ఈ వారంలో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

నాగలక్ష్మి దొడ్డి తలుపు తీసేలోపల పిచ్చమ్మ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. అవి తెలియకపోతే తర్వాత జరిగింది ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

వాళ్లది పుల్లలచెరువు మండలంలో అడవికి ఆనుకున్న ఊరు. మేఘం ఊరి మీదుగా వస్తుంది, చూస్తుంది, నల్లమల వైపు వెళ్లిపోతుంది. పిచ్చమ్మ పుట్టిందీ దొనకొండ దగ్గర ఇలాంటి మెట్ట ఊళ్లోనే. చిన్నప్పుడు వాగు ఇసకలో చెలమ తవ్వి, పక్కన కూర్చుని, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపేది. ఒక చిప్ప ముంచితే మళ్లీ ఊరేదాకా ఆగాలి. ఆగినంతసేపూ ఆ గుప్పెడు నీళ్లలో ఆకాశం కనిపించేదట. దాన్ని చూస్తూ చూస్తూ అక్కడే కునుకు తీసేదట. "నా నిద్దరంతా చెలమ కాడనే అయిపోయిందిలే, అందుకే ఇప్పుడు కోడికంటే ముందు లేస్తా" అని నవ్వేది.

అట్లాంటి మనిషి ఇంట్లో నీళ్లు ఒక్క పనితో వదిలిపెడతారా? బియ్యం కడిగిన నీళ్లు చిక్కుడు పాదుకు. గిన్నెలు తొలిచినవి గోంగూర మడికి. స్నానం నీళ్లు సన్నటి కాలవ పట్టుకొని అరటికీ కరివేపాకుకీ. వాన పడితే రేకుల మీది నీళ్లన్నీ గొట్టంలోంచి దొడ్లో గుంతలోకి దిగాల్సిందే. చిరిగిన చీరె బొంతవుతుంది, చిరిగిన బొంత మసిగుడ్డవుతుంది, అదీ చిరిగితే పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. ఆఖరికి మిగిలేది బూడిదేగా, అదైనా పారేస్తుందా అంటారేమో. అబ్బే! గ్యాసు పొయ్యి వచ్చినా స్నానాలకు కందికట్టెతోనే నీళ్లు కాచేది, సగం ఆ బూడిద కోసమే. గిన్నెలు తోమడానికి బూడిద, విత్తనాల్లో పురుగు పట్టకుండా బూడిద, చిక్కుడాకు మీద చల్లడానికి బూడిద. దానికొక కుండ. కోళ్లు కెలకకుండా, చెమ్మ తగలకుండా వేపచెట్టు కొమ్మకు కొక్కెం కొట్టించి ఆ కుండను వేలాడదీసింది. మూతికి పాతచీరె ముక్క కట్టేది.

ఊళ్లో వెనకాల 'పిసినారి పిచ్చమ్మ' అనేవాళ్లు. ముందర ఎవరూ అనలేదు, ఎందుకంటే అన్నవాళ్లింట్లో కూడా ఆమె ఇచ్చిన విత్తనమే మొలిచింది, ఆమె పంపిన గోంగూరే ఉడికింది. ఒకసారి బడి పంతులు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, వాన నీళ్ల గుంత చూపించి, ఇదీ పర్యావరణ పరిరక్షణ అంటే, అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. పిచ్చమ్మ అంతా విని, "ఏంది సారూ, దానికంత పేరుందా? మా అత్త దీన్ని ఒళ్లు దగ్గర పెట్టుకోవడం అనేది" అంది. పిల్లలు పగలబడి నవ్వారు. పంతులు కూడా నవ్వక చస్తాడా!

నాగలక్ష్మి గిద్దలూరు పిల్ల. వాళ్ల పెరట్లో బావి ఉండేది, తోడుకున్నోళ్లకు తోడుకున్నంత. కాపురానికొచ్చిన మొదటి రోజు కాళ్లు కడుక్కొని, బకెట్లో మిగిలిన నీళ్లను దబ్బున వీధిలోకి కుమ్మరించింది. పిచ్చమ్మ గడప మీద కూర్చుని ఆ తడి నేలను చూసింది. తడి చుట్టూ అంచులు తగ్గి, తగ్గి, నడుమ చిన్న మచ్చయి, అదీ ఆరేదాకా చూసింది. తర్వాత లేచి, "ఆరిపోయింది" అని లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు తర్వాత నాగలక్ష్మి మళ్లీ నీళ్లు పారబోయలేదు. మొదట భయంతో, తర్వాత అలవాటుతో, ఆ తర్వాత ఎందుకో చెప్పలేనంత ఇష్టంతో.

ఇంకొక్కటి. ఒక శివరాత్రికి అందరూ కలిసి శ్రీశైలం పోయారు. పాతాళగంగ మెట్లన్నీ దిగాక పిచ్చమ్మ ఆ నీళ్లను చూస్తూ నిలబడిపోయింది. మునుగమ్మా అని తులసమ్మ ఎంత బతిమిలాడినా మునగలేదు. నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుంది. "ఇంతమంది తాగే నీళ్లల్లో నా మురికి యాడ కలిపేదే?" అంది.

ఇక దొడ్లోకి పోదాం.

మార్గశిర మాసపు మంచు. పందిరి ఉందో లేదో తెలియనంత మంచు. ఊదారంగు చిక్కుడు పూలు మాత్రం గాల్లో వాటంతటవే తేలుతున్నట్టున్నాయి. నాగలక్ష్మి ఒక ఆకు తిప్పి చూసింది. నల్లగా పేనుబంక పురుగులు. అత్త చెప్పింది నిజమే! ఎందుకో హాయిగా అనిపించింది. అత్త ఇక్కడే ఎక్కడో ఉందనిపించింది. వేపచెట్టు దగ్గరికి పోయి, కొక్కేనికి వేలాడుతున్న కుండ దించి, పాతచీరె ముక్క ముడి విప్పి, ఒక పిడికిలి తీసి తడి ఆకుల మీద చల్లింది. తెల్లటి బూడిద, కందికట్టె బూడిదకన్నా మెత్తన. ఆకుకు చక్కగా అంటుకుంది. రెండో పిడికిలి పందిరి నడుమ చల్లింది. మూడోది తీగ మొదట్లో. నాలుగోసారి చెయ్యి పెడితే వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. బొగ్గు కాదు. నాగలక్ష్మి దాన్ని పైకి తీసి చూసింది.

ఎముక.

ఎవరి తప్పని చెప్పాలి? మూడో రోజు శ్మశానంలో అస్థికలు ఏరిన వెంకటేశ్వర్లు, అమ్మ కొడుకే కదా, కొత్త కుండ కొనలేదు. బూడిద కుండకు జోడీగా అమ్మ కొనిపెట్టి వాడకుండా ఉంచిన కుండ ఇంట్లోనే ఉందిగా అనుకున్నాడు. మూతికి కొత్త గుడ్డా కొనలేదు, అమ్మ పాతచీరె చింపి కట్టాడు. అస్థికలు గడప దాటి లోపలికి రాకూడదు కాబట్టి, పాత బూడిద కుండను దించి చూరు కింద పెట్టి, ఆ కొక్కేనికే దీన్ని తగిలించాడు. పెళ్లానికి చెప్పాలన్న ఆలోచన రాలేదు. దుఃఖంలో ఉన్నవాడికి ఏం ఆలోచన వస్తుంది?

నాగలక్ష్మి ఎముకను జాగ్రత్తగా కుండలో పెట్టి, ముడి ఎలా ఉండేదో అలాగే కట్టి, కొక్కేనికి తగిలించి, అక్కడే కూలబడింది. ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. రేపు జీపెక్కి పోతారు, కలుపుతారు, వస్తారు. కానీ అత్తకు పైన చోటు దొరక్కపోతే? ఆ పాపం తన చేతిదే అవుతుంది. చేతులు చూసుకుంది. వాటిని కడుక్కోవాలో వద్దో కూడా ఆమెకు అర్థం కాలేదు. కడిగితే ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలి?

వేపపుల్ల నములుతూ వెంకటేశ్వర్లు దొడ్లోకి వచ్చాడు. "ఏంది నాగలక్ష్మీ, మంచులో కూర్చున్నావు?"

"ఏమయ్యా, నేను అత్తను చిక్కుడు మీద చల్లినాను" అంది. అని భోరుమంది.

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పుల్ల నోట్లోంచి తీశాడు. కుండ వైపు చూశాడు, పందిరి వైపు చూశాడు. తిట్టలేదు. "చెప్పనిది నేను గదా" అని గొణిగి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఎంత చల్లినావు?"

"మూడు పిడికిళ్లు."

మూడు పిడికిళ్ల మాట వసారాలోకి వినబడింది. తులసమ్మ బొంత విసిరికొట్టి పరుగున వచ్చింది. సంగతి తెలియగానే నెత్తి బాదుకుంది.

"అయ్యో అయ్యో! నాయనకు లేకపాయె, అమ్మకూ లేకుండా చేసినావే! ఇన్ని రోజులు కండ్లల్లో పెట్టుకొని కాపాడుకుంటే చిక్కుడు చెట్టుకు మందేసినట్టు ఏసినావా? నీ చేతులు పడిపోను!"

"అక్కా, అది తెలిసి చేసిందా?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"తెలిసో తెలియకో, పోయింది గదరా! జరుగు. ఆకులన్నీ కడుగుతా. ఆ నీళ్లు పట్టి కుండలో పోస్తా. ఒక్క రవ్వ పోనియ్యను."

అన్నంత పనీ చేసేదే. తులసమ్మ మార్కాపురంలో కాపురం. స్విచ్చి వేస్తే మోటరు నీళ్లు, ఇరవై ఏళ్లుగా చెయ్యి ధారాళంగా అలవాటుపడింది. పందిరి కింద వెడల్పాటి బేసిను పెట్టింది. ఇంట్లోకి పోయి నిండు బిందె ఎత్తుకొచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు నీళ్లు, తాగడానికి పట్టుకున్న నీళ్లు. నాగలక్ష్మికి వద్దనాలనిపించింది. ఏ ముఖం పెట్టుకొని వద్దంటుంది?

తులసమ్మ బిందె భుజం దాకా ఎత్తింది. ఆకుల మీదికి వంచబోయింది. వంచలేదు. నీళ్లు మూతి అంచు దాకా వచ్చి ఆగాయి. ఆమె చేతులు ఆగిపోయాయి. మంచినీళ్లు చెట్టుకు పొయ్యడమా! ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, అమ్మ కళ్లముందు ఒక్కనాడైనా చేసిన పనా? బిందె అలాగే పట్టుకొని చాలాసేపు నిలబడింది. పందిరి కింద ఎవరో కూర్చుని ఆ నీళ్లు పడతాయేమోనని చూస్తున్నట్టు అటే చూస్తూ ఉండిపోయింది.

మెల్లగా బిందె దించింది. ఒక్క చుక్క తొణకలేదు.

"చచ్చి కూడా ఒక బిందె నీళ్లు పొయ్యనియ్యదు గదరా ఈ ముసల్ది!" అంది. నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఎనిమిది రోజుల నుంచి వచ్చినవాళ్లకోసం ఏడ్చిన ఏడుపు కాదది. అమ్మ కోసం ఏడ్చింది. నాగలక్ష్మి దగ్గరికి పోతే ఇందాక పడిపోవాలని తిట్టిన ఆ చేతుల్నే పట్టుకుంది.

ఏడుపు తగ్గాక వెంకటేశ్వర్లు అన్నాడు, "అక్కా, పాతాళగంగలో అమ్మ మునగనే లేదు, గుర్తుందా?"

తులసమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని కుండ దించింది. కాసేపటికి ఆమే తేల్చి చెప్పింది. "బొమికలు గంగకు. అది మాత్రం తప్పదు. బూడిద చేనుకు పోసెయ్యిరా. అదైతే అమ్మ వద్దనదు." ఇంటిని ఆనుకునే ఉన్న కందిచేలోకి ముగ్గురూ నడిచారు. మంచు మీదనే చల్లారు. ఎండెక్కితే అంటుకోదు మరి.

మర్నాడు శ్రీశైలంలో ఆ కార్యం కూడా పద్ధతిగానే జరిగింది. తులసమ్మ మునిగింది. నాగలక్ష్మి మాత్రం నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుంది.

ఆ ఏడు ఆ పందిరి చిక్కుళ్లు ఎవరూ కోయలేదు. తినడానికి నోరెట్ల వస్తుంది? కాయలు తీగ మీదే ముదిరాయి, ఎండాయి, గాలికి గలగలమన్నాయి. నాగలక్ష్మి విత్తనం వలిచి, చూరు కింది పాత కుండలోని కందికట్టె బూడిదలో కలిపి, సగం ఊళ్లో పంచి, సగం పొట్లం కట్టి మార్కాపురం పంపింది.

ఆషాఢంలో ఒక పొద్దున ఫోను వచ్చింది. తులసమ్మ గొంతు.

"నాగలక్ష్మీ, మొలిచినాయే! మిద్దె మీద పెయింటు బకెట్లో పెట్టినా. రెండాకులు లేచినాయి."

"నీళ్లేం పోస్తున్నావు వదినా?"

తులసమ్మ గొంతు తగ్గించింది.

"మోటరు నీళ్లే పోద్దామని మగ్గు ఎత్తినానే. చెయ్యి పట్టుకునింది. మళ్లీ కిందికి దిగి, బియ్యం కడిగి, ఆ నీళ్లు తెచ్చి పోసినా."

ఎవరు పట్టుకున్నారని నాగలక్ష్మి అడగలేదు. కళ్లు తుడుచుకొని, ఫోను పెట్టేసి, తనూ బియ్యం కడగడానికి లేచింది.