తప్పిన పరీక్షకు కృతజ్ఞతా కూడిక

నేను పరీక్ష తప్పానని శుక్రవారం తెలిసింది. నేను పాసైనందుకు మా అమ్మ పెట్టిన కృతజ్ఞతా కూడికేమో ఆదివారం. మధ్యలో ఒక్క శనివారం ఉంది కదా, ఈలోపు ఆవిడ మనసు మార్చుకోకపోతుందా అని ఆశపడ్డాను. అబ్బే! అప్పటికే విందుకి కోళ్లు చెప్పేసి వచ్చింది.

మొదటినుంచీ చెబుతాను. మాది ప్రత్తిపాడు దగ్గర. మా పెరటి గోడకు అవతల పత్తి గింజల నుంచి నూనె తీసే మిల్లు ఉంది. బీటెక్ మెకానికల్ అయ్యాక నేను అందులోనే చేరాను. పెరటి గోడకున్న ఇనుప గేటు తీసుకుని వెళితే నేరుగా బాయిలర్ షెడ్డులోనే తేలతాను. గింజ ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, ఆ బాయిలర్ బాధ్యత మోసే మనిషి దగ్గర ప్రభుత్వం వారి సర్టిఫికెట్ ఉండాలి. అది మా మిల్లులో ఒక్కరికే ఉండేది. ఆయన్ని ఓనరు గారితో సహా అందరం పెద్దాయన అనేవాళ్లం. ఏ వాల్వు కారినా, ఏ మోటారు మూలిగినా, మిల్లులో మొదట వినపడే కేక ఒక్కటే, "పెద్దాయన్ని పిలవండ్రా!" అని. ఆయన తాపీగా వచ్చి, చుట్టూ ఓసారి తిరిగి, చెయ్యాల్సింది చేసి, తాపీగా వెళ్లిపోయేవారు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నేను ఆయన వెనకే తిరిగాను. నేనూ అలాగే కేకపెట్టాను.

"వచ్చే సీజనుకి నేను రానమ్మా. మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు" అని ఒకరోజు ఆయన అనేశారు. ఆ సాయంత్రమే ఓనరు గారు నన్ను పిలిపించారు.

"నువ్వు పరీక్ష పాసైతే బాయిలర్ నీ చేతికిస్తా. కాకపోతే బయటినుంచి మనిషిని తెచ్చుకుంటా. నీకొచ్చిన ఇబ్బందేం లేదులే, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుందువుగాని" అన్నారు.

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. ఏసీ గది ఎవరిక్కావాలి? నాకు ఆ బాయిలరంటే ఇష్టం. పొద్దున్నే మంట రాజేశాక లోపల నీళ్లు కాగుతూ చిన్నగా గొణుగుతాయి. అది వినకపోతే నాకు రోజు మొదలైనట్టుండదు. ఈ మాట బయటికంటే పిచ్చిదనుకుంటారని ఎవరితోనూ అనలేదు.

రాతపరీక్ష బాగానే రాశాను. నోటి పరీక్షలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. మధ్యలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "గాజు గొట్టంలో నీళ్లు కనపడటం లేదు. ఏం చేస్తావమ్మా?" అని. బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో బయటికి చూపించే గొట్టం అది. నీళ్లు తగ్గిపోయి కింద మంట మండుతూ ఉంటే కొంప మునుగుతుంది. ముందు మంట ఆపాలి. కంగారుపడి లోపలికి నీళ్లు పంపకూడదు, కాలిన ఇనుము మీద పడితే బాయిలర్ పేలుతుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అంతా నాలుక చివరనే ఉంది. నోరు మాత్రం తనకు అలవాటైన మాట తను అనేసింది.

"మా పెద్దాయన్ని పిలుస్తానండి."

ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వడం అయ్యాక మధ్యలో ఆయన అడిగాడు, "ఈ సర్టిఫికెట్ ఇచ్చాక మీ మిల్లులో పెద్దాయన ఎవరనుకుంటున్నావమ్మా?" అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత వాళ్లు ఏం అడిగారో, నేను ఏం వాగానో ఆ దేవుడికే తెలియాలి.

బయటికి రాగానే అమ్మ ఫోను. "ఎట్టా చేశావే?"

"రాతపరీక్ష బాగా రాశాను. లోపల కూడా అందరూ నవ్వుతూనే మాట్లాడారు" అన్నాను. అందులో అబద్ధం ఏముంది చెప్పండి?

మా అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అధికారులు నవ్వారంటే పని అయిపోయినట్టేనని ఆవిడ లెక్క. మా చర్చి సంఘంలో ఎవరికైనా మేలు జరిగితే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. తర్వాత ఇంట్లో కూడిక పెట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతారు. మరీ విశ్వాసం ఎక్కువైనవాళ్లు మేలు జరగకముందే సాక్ష్యం చెప్పేస్తారు. మా అమ్మ విశ్వాసం సంగతి వేరే చెప్పాలా? ఫలితాలు రాకముందే లేచి, "మా అమ్మాయి బాయిలర్ ఇంజనీరు అయింది, దేవునికి స్తోత్రం" అని ప్రకటించింది. అందరినీ కూడికకు పిలిచింది.

శనివారం పొద్దున వంటింట్లో యుద్ధం జరిగింది.

"అమ్మా, తప్పాను! తప్పినదానికి కృతజ్ఞత ఏంటి? ఆపెయ్" అన్నాను.

"దేవుడికి మాటిచ్చి వెనక్కి తీసుకుంటామా? ఏదో ఒక కారణం దొరక్కపోదు. క్షేమంగా వెళ్లి క్షేమంగా రాలా? దానికి పెడదాం" అంది ఉల్లిపాయలు తరుగుతూ.

"జనం నవ్వుతారమ్మా!"

"నవ్వితే అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తింటారు. నువ్వెళ్లి అల్లం వెల్లుల్లి ఒలువు."

ఈ గొడవలోనే దర్శి నుంచి మా మామయ్య దిగాడు. లెక్కల మాస్టారు. గొంతు మైకులాంటిది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"బాయిలర్ పరీక్ష మళ్లీ కట్టమాకే. ఎనర్జీ ఆడిటర్ పరీక్షని ఒకటుందంట, అది కట్టు. అందులో నోటి పరీక్షే లేదు! పాసైతే విజయవాడలో ఆఫీసు. ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి కరెంటు ఎక్కడ వృథా అవుతుందో, ఆవిరి ఎక్కడ పోతుందో చూసి, రిపోర్టు రాసి ఇంటికొచ్చేయటమే. బాధ్యత వాళ్లది, సలహా నీది. మసి అంటదు, మాట పడక్కర్లేదు."

"రెండూ కడితే పోలా?" అంది అమ్మ.

రెండూ కట్టడానికి లేదు. రెండింటికీ సోమవారమే ఆఖరి రోజు. పరీక్షలు చూస్తే ఒకే వారంలో, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏదో ఒకటి తేల్చుకోవాలి. నిజం చెప్పొద్దూ, నోటి పరీక్ష లేదన్న మాట దగ్గర నా మనసు జారింది. మళ్లీ ఆ ముగ్గురి ముందు కూర్చోవడం తలుచుకుంటేనే వద్దనిపిస్తోంది. బాయిలర్ గొణుగుడు గుర్తొస్తే దాన్ని వదిలి వెళ్లబుద్ధి కావడం లేదు. శనివారమంతా అటూ ఇటూ ఊగాను. రాత్రి పడుకునేసరికి ఆడిటర్‌కే కట్టేద్దామని ముప్పావు వంతు నిశ్చయించుకున్నాను. పొద్దున్నే మామయ్యకు ఆ మాట చెబితే, అప్పుడే నాకు ఆఫీసు గది ఇచ్చినంత సంబరపడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. పెద్దాయన కూడా వచ్చారు. నుదుట బొట్టుతో ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన మాంసం తినరని అమ్మ విడిగా పప్పు, గోంగూర చేసి మూతపెట్టింది. సీజను కావడంతో అవతల మిల్లు నడుస్తూనే ఉంది. పెద్దాయన బాయిలర్ దగ్గర పొయ్యిలో కట్టె వేసే ఫైర్‌మన్‌ని ఉంచి, "ఈ గోడ పక్కనే ఉంటా, ఏదైనా ఉంటే కేకెయ్" అని చెప్పి వచ్చారట.

పాట అయ్యాక పాస్టరు గారు అసలు సంగతి నెమ్మదిగా బయటపెట్టారు. "మన అమ్మాయికి ఈసారి అందలేదు. ఇప్పుడు రెండు పరీక్షల మధ్య ఉంది. ఏది రాయాలో దేవుడే చూపించాలి." అంతే! ప్రార్థన కూడిక కాస్తా పంచాయితీ అయిపోయింది. వెనక వరసలో అత్తలంతా ఆడిటర్ వైపు. "ఆడపిల్లకి ఆ పొగలో ఏం పనే?" అని ఒకావిడ. "విజయవాడలో మంచి చర్చిలున్నాయి" అని ఇంకొకావిడ. మామయ్య మధ్యలో నిలబడి లెక్క చెప్పినట్టు వేళ్లు మడిచి చెబుతున్నాడు. పెద్దాయన మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు ఆయన మీదే కోపమొచ్చింది. ఇంతకాలం వెనక తిప్పుకున్నారు కదా, ఒక్క మాట అనకూడదా? ముఖం చూపించలేక, రసం కాచే వంకతో పెరట్లోకి వచ్చేశాను.

లోపల పాస్టరు గారు ప్రార్థన ఎత్తుకున్నారు. పాపం, ఎవరినీ నొప్పించకుండా ఇటొక మాట, అటొక మాట. "ప్రభువా, ఈ బిడ్డ బాయిలర్ అయినా, ఆడిట్ అయినా, నీ చిత్తమైతే..." అంటూ ఉండగా ఆయనకు తుమ్ము వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత హాలంతా తుమ్ములు, దగ్గులు. నా ముక్కుకీ తగిలింది. మిరప ఘాటు! మా పోపు కాదు. అది గోడ మీదనుంచి వస్తోంది.

చేతిలో గరిటె అక్కడే పడేసి గేటు తోసుకుని పరుగెత్తాను.

బాయిలర్ షెడ్డు తలుపులోంచి పొగ బుసలు కొడుతోంది. ఫైర్‌మన్ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయట గంతులేస్తున్నాడు. ముందురోజు వానకు పత్తి కట్టె తడిసిపోయిందట. పక్కనే మిరపకాయలకు తొడిమలు తీసే కళ్లం ఉంది. అక్కడ తొడిమలు ఎండుగా బస్తాలకెత్తి ఉన్నాయి. అవి తెచ్చి పొయ్యిలో కొట్టాడు మహానుభావుడు.

"మిరపకాయల ఊళ్లో పుట్టినోడివి, బుద్ధుందా నీకు?" అని అరిచాను.

"తొడిమలే కదా మేడమ్! కాయలు కాదు కదా!" అన్నాడు దగ్గుతూ. ఆ బస్తాల అడుగున తెల్లబారి అమ్ముడుపోని తాలుకాయలు కూడా ఉన్నాయని వాడికేం తెలుసు?

అప్పటికే గింజల దగ్గర పనిచేసే ఇద్దరు బకెట్లతో నీళ్లు మోసుకొస్తున్నారు, పొయ్యిలో గుమ్మరిద్దామని. "పొయ్యండి చూస్తా! ఆవిరి ముఖాన కొట్టి చస్తారు. బకెట్లు కింద పెట్టండి!" అన్న నా కేకకు వాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. చున్నీ తడిపి ముఖానికి చుట్టుకుని లోపలికెళ్లాను. గాజు గొట్టం వైపు చూస్తే ఏమీ కనపడలేదు. గొట్టంలో నీళ్లు లేవో, ఈ పొగలో నా కళ్లే పనిచెయ్యడం లేదో తెలియలేదు. ఆ క్షణంలో భయపడ్డాను, దాచుకోవడం ఎందుకు? కానీ చేతులు ఆగలేదు. పొయ్యిలోకి గాలి కొట్టే ఫ్యాను ఆపాను. పొగను చిమ్నీలోకి లాగే ఫ్యాను నడవనిచ్చాను. పొయ్యి తలుపు మూశాను. "ఇంకో పుల్ల వేశారంటే ఊరుకోను! నీళ్ల మోటారు జోలికి ఎవడూ వెళ్లొద్దు!" అని అరిచాను. గింజలు ఉడికించే వైపు ఆవిరి కట్టేయించాను. పనివాళ్లని గాలికి ఎదురు వైపు వెళ్లి నిలబడమన్నాను.

పొగ కాస్త పలచబడ్డాక గొట్టం దగ్గరికెళ్లి దాని కింద కుళాయిలా ఉండే కాక్ తిప్పి చూశాను. నీళ్లు జర్రున దిగి, మూయగానే మళ్లీ పైకొచ్చి సగం గొట్టం దగ్గర నిలబడ్డాయి. హమ్మయ్య! ఆ నీళ్లను చూసి నేను నవ్వానో ఏడ్చానో చెప్పలేను. ముఖమంతా కారుతూనే ఉంది.

తిరిగి చూస్తే గేటు దగ్గర మా సంఘం సగం నిలబడి ఉంది, కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుని. వాళ్లను తప్పించుకుంటూ పెద్దాయన వచ్చారు. ఎప్పటిలాగే చుట్టూ ఓసారి తిరిగారు. గొట్టం చూశారు. ఫ్యాన్లు చూశారు. ఏదో తిప్పుతారేమోనని చూశాను. ఏమీ తిప్పలేదు. వెనక్కి చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డారు.

"నేను గోడ అవతలే ఉన్నా కదమ్మా. నన్ను పిలవలేదేం?"

నేను ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఒక్కటే జవాబు.

"గుర్తు రాలేదండీ."

ఆయన ఒక్కసారిగా నవ్వేశారు. కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అవి మిరప ఘాటు నీళ్లేనని ఇప్పటికీ వాదిస్తారు. "నేను చెబితే నా మాట మీద కడతావని నోరు మూసుకు కూర్చున్నా. ఇంక రేపు ఏ పరీక్షకి కట్టాలో వేరే చెప్పాలా?" అన్నారు. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "పప్పు చల్లారిపోతోందేమో చూడండమ్మా" అన్నారు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "పాస్టరు గారూ, ప్రార్థన మధ్యలో ఆగింది, రండి! కృతజ్ఞతకి కారణం దొరికింది" అంటూ అందరినీ లోపలికి తోలింది. మామయ్య మాత్రం తుమ్ముతూనే, "అదేదో విజయవాడ అయితే..." అని గొణిగాడు. ఎవరూ వినలేదు.

సోమవారం బాయిలర్ పరీక్షకే కట్టాను. ఈసారి నోటి పరీక్షలో గాజు గొట్టం ఊసే ఎత్తలేదు వాళ్లు. ఇంకేవో అడిగారు, చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ మాట అమ్మకు చెబితే కాస్త దిగులుపడింది కానీ, సాక్ష్యం మాత్రం ఫలితానికి ముందే చెప్పేసింది. ఈసారి నిజమైంది.

కొత్త సీజను మొదటిరోజు పొద్దున్న బాయిలర్ గొణుగుడు వింటూ నిలబడ్డాను. అంతలో ఏదో వాల్వు దగ్గర బుస్సుమంది. లోపలినుంచి ఎవరో అలవాటుకొద్దీ కేకేశారు, "పెద్దాయన్ని పిలవండ్రా!" అని.

ఎవరూ కదల్లేదు. ఒక్కొక్కరే తలలు తిప్పి నా వైపు చూశారు.

"వస్తున్నా" అన్నాను.