వందన పేరున పింఛను

నేను తంగళ్ళపల్లి బడిలో ఐదో తరగతి దాకే చదివాను. అయినా కూలీగా మొదలై ఎనిమిది సాంచాలకు, అంటే మరమగ్గాలకు, యజమానినయ్యాను. నేత కార్మికుల సంఘానికి రెండుసార్లు డైరెక్టరుగా గెలిచాను, సిరిసిల్లలో స్లాబు ఇల్లు కట్టాను. తగవు పడ్డ అన్నదమ్ములు ఈనాటికీ నా అరుగు మీదికే వస్తారు. అట్లాంటి నేను నా బిడ్డ వందన ఇంట్లో తీర్పు చెప్పలేకపోయాను.

వందన సాంచాల చప్పుడులోనే చదివి ఇంటర్ పాసైంది. కోరుట్ల సాగర్‌కు ఇచ్చి చేసేనాటికి అతనికి ఉద్యోగం లేదు. అతను టీచరు పరీక్షకు చదువుకుంటుంటే తను జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. అతనికి ఉద్యోగం వచ్చింది, ఈమెకు మెడనొప్పి వచ్చింది. మిషను ముట్టొద్దన్నాడు డాక్టరు.

చేసిన మేలు మరిచేవాడు కాదు అల్లుడు. తన జీతంలో పింఛనుకు ఎట్లాగూ కోత పడుతుంది, మరి ఈమెకేముందని వందన పేరున పింఛను ఖాతా తెరిచి ఏటా యాభై వేలు కట్టసాగాడు. ఆ యాభై వేలకు తనకు పన్ను మినహాయింపు వస్తుందనీ లెక్కల్లో చూపించాడు. భార్య పేరున జీవిత బీమా కడితే ఇస్తారు గదా, ఇదీ అంతే అనుకున్నాడు. మా వైపు ప్లాటు కొన్నా, ఇల్లు కట్టినా ఇల్లాలి పేరున రాయించడమే మర్యాద మరి.

ఈ ఫిబ్రవరిలో నేనూ నా భార్య ముత్తవ్వా కోరుట్ల వెళ్ళేసరికి ఇద్దరూ మొహాలు ముడుచుకొని కూర్చున్నారు. ఆ మినహాయింపును మళ్ళీ సరిచూసుకొమ్మని పన్ను ఆఫీసు నుంచి మెసేజి వచ్చిందట. జగిత్యాలలో పన్ను లెక్కలు చూసేతన్ని అడిగితే తేల్చి చెప్పాడట, ఎవరి ఖాతాలో కడితే వాళ్ళకే మినహాయింపని.

"రెండేండ్లది వడ్డీతోని కట్టాలె మామా," అన్నాడు సాగర్.

"పిల్లలకు లెక్కలు చెప్పెటోనివి, గిట్లెట్ల మోసపోయినవ్ అల్లుడా?" అంది ముత్తవ్వ.

"నేను సోషల్ చెప్త అత్తా."

"గందుకే!"

ఎవరూ నవ్వలేదు.

"మరి వందన పేరున మినహాయింపు తీసుకోరాదా?" అన్నాను.

"దానికి ఆదాయమే లేదు మామా. పన్నే లేనోళ్ళకు మినహాయింపు ఎక్కడిది?"

వందన తలెత్తింది. "ఆదాయం లేదా? నువ్వు పరీక్ష రాసేదాక ఏం తిన్నవ్?"

సాగర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఇంటి లోను కిస్తీలున్నయి. ఈ ఏడాది నుంచి ఆ యాభై వేలు నా పింఛను ఖాతాలనే కడత. పది వేల పన్ను మిగులుతది. నామినీగ నీ పేరే ఉంటది," అన్నాడు.

"నామినీ అంటే నువ్వు పోయినంక వచ్చేది. నువ్వుండంగ నా చేతుల ఏముంటది?"

నేను తట్టుకోలేకపోయాను. "నేను కడత బిడ్డా. ఒక సాంచ అమ్మినా సరే."

"వద్దు బాపు. ఆయన పెడుతడని మురిసిన, ఆగమైంది. ఇగ నువ్వు పెడుతవని మురవాల్నా?"

ఇన్ని తీర్పులు చెప్పిన నేను ఎవరిది తప్పని చెప్పను? అతను దొంగ కాదు. ఆమె అడిగిందీ ఎక్కువ కాదు.

యాభై వేలు సాగర్ తన ఖాతాలోనే వేసుకున్నాడు. ఏడాదికి వెయ్యైనా పడకపోతే వందన ఖాతా స్తంభించిపోతుంది. మార్చి ఆఖరులో నేను ఫోన్ చేస్తే మిషను చప్పుడు వినబడింది. పెళ్ళి జాకెట్లు ఒప్పుకుందట.

"మెడకు పట్టీ పెట్టుకున్నవా బిడ్డా?"

"పెట్టుకున్న బాపు. వెయ్యి కట్టేసిన."

"కట్టినంక ఇంకెందుకు తొక్కుతున్నవ్?"

"వెయ్యితోని పింఛను ఎంతొస్తది బాపు?" అంది. చప్పుడు ఆగలేదు.