కదలబోయే రాయి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టి, "నానమ్మా, పాత బొమ్మల సినిమాల్లో ఎవరూ గమనించని రహస్యాలంట, చూడు" అంది. అందులో ఒకాయన చెబుతున్నాడు. వెనకాల కనబడే కొండలూ ఇళ్లూ కుంచెతో కాగితం మీద ఒక్కసారే వేసేవారట. కదిలేవాటిని మాత్రం అద్దంలాంటి పల్చటి రేకుల మీద వేరేగా వేసి, ఆ కాగితం మీద పరిచేవారట. అందుకే కదలబోయే వస్తువు రంగు చుట్టుపక్కల రంగులో కలవదట. నాకు నవ్వొచ్చింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అయినా ఈ సంగతి నాకు యానాంలో ఎప్పుడో నలభై ఏళ్ల కిందటే తెలుసు. చెప్పింది మా అత్తగారు.

ఆవిడది వలలు బాగుచేసే చెయ్యి. ఫరంపేట నుంచి కూడా చిరిగిన వలలు మా అరుగు మీదికే వచ్చేవి. ఇల్లంతా ఏటి బురద వాసన, పొలుసు వాసన. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ముక్కు మూసుకున్నాను గానీ, ఆర్నెల్లకి ఆ వాసన లేకపోతే అన్నం సయించేది కాదు. అలాంటిది ఒక వానాకాలం గోదాట్లో, ఆవిడ బాగుచేసిచ్చిన మా బావగారి వల పిగిలిపోయి, పడ్డ పండుగప్ప చేపలన్నీ జారిపోయాయి. ఆయన ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా, "నీ కళ్లు మసకలొచ్చేసినియ్యే అమ్మా. ఇంక వల ముట్టుకోకు" అని, ఆవిడ వల అల్లే కర్రసూది తీసుకెళ్లి అటక మీద పెట్టేశారు.

"కళ్లు నాయి. పోతే ముందు నాకు తెలీదంట్రా?" అందావిడ. ఎవరు వింటారు? ఆ తర్వాత ఆ చేతులకి ఏం చెయ్యాలో తోచేది కాదు. కూర్చున్నచోటే తన పైటకొంగుకి ముడి వేసేది, విప్పేది, మళ్లీ వేసేది. చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

మా పక్కింటి తాతగారికి ఫ్రెంచి పింఛను వచ్చేది. మా వీధిలో కలర్ టీవీ, వీడియో మొదట కొన్నది ఆయనే. ఆదివారం పొద్దున్నే పిల్లల కోసమని బొమ్మల క్యాసెట్టు వేసేవారు. పిల్లల పేరు చెప్పి పెద్దవాళ్లమే ముందు వరసలో కూర్చునేవాళ్లం. ఒకరోజు తెరమీద పిల్లి ఒకటి కొండదారంట పరిగెడుతోంది, పైన బోలెడు రాళ్లు. అత్తగారు ఉన్నట్టుండి, "ఆ రాయి పడతాది" అంది. పడింది. తర్వాత వరసగా అయిదు తలుపులు. "మూడోది తెరుచుకుంటాది." తెరుచుకుంది.

"గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో తగిలిందిలే" అన్నారు బావగారు.

గుడ్డి అన్న మాట వినగానే ఆవిడ లేచి నిలబడింది. "ఒరే పెద్దోడా, ఇక్కడెవరూ చూడని కేసెట్టు నువ్వే తే. ఒక్కటి తప్పినా ఈ జన్మలో సూది అడగను. తప్పకపోతే నీ చేత్తో నువ్వే దించాలి."

ఓడిపోతే ఆ చేతులు ఇంక పైటకొంగుకే అంకితం.

పై ఆదివారం బావగారు బజార్లో అద్దెకిచ్చే కొట్టునుంచి కొత్త క్యాసెట్టు తెచ్చారు. దృశ్యం మారినప్పుడల్లా తాతగారు బొమ్మ ఆపేవారు. అత్తగారు వెళ్లి అద్దం మీద వేలు పెట్టేది. "ఈ కిటికీ రెక్క." "ఈ సొరుగు." "ఈ కొమ్మ." చెప్పినవి చెప్పినట్టే కదిలాయి. పిల్లల కేకలకి వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చేసింది. చివరికి ఒక అలమర, దాన్నిండా పళ్లేలు, కింద దూకడానికి వంగిన పిల్లి. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇందులో ఏదీ కదలదు."

"అంత పిల్లి మీదికి దూకుతుంటే ఒక్క పళ్లెమన్నా పడదా?" బావగారు పకపకా నవ్వారు.

"పడదు. ఎయ్యండి తాతగారూ."

పిల్లి దూకింది. అంచుమీద తీరిగ్గా నడిచి అవతలికి దిగిపోయింది. పళ్లేలు గోడకి అతికించినట్టే ఉన్నాయి. బావగారి నవ్వు ఆగిపోయింది. "ఎలాగే అమ్మా?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"పాత వలకి కొత్త నూలుతో అతుకేస్తే, ఎంత నేర్పుగా ఏసినా తెలిసిపోద్దిరా. ఆ రాయి కొండతో పుట్టింది కాదు, తరవాత తెచ్చిపెట్టింది. తెచ్చిపెట్టిందేదైనా కదలాల్సిందే. ఇప్పుడెళ్లి ఆ పిగిలిన వల పట్రా."

అరుగు మీద ఎండలో వల పరిచి వేలు పెట్టి చూపించింది. ఆవిడ వేసిన ముడులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పిగిలింది దానికి జానెడు అవతల, ఎండకి మాడి చివికిపోయిన పాత నూలు. బావగారు వెళ్లి అటకకి నిచ్చెన వేశారు.

సూది చేతికి రాగానే ఆవిడ వల ముందు కూర్చోలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ముడి నేర్పింది. "ఇప్పుడు నాకెందుకండీ, మీ కళ్లు బానే ఉన్నాయిగా" అన్నాను.

"బాగున్నాయి గాబట్టే చెప్తన్నా" అంది.

రెండేళ్లు తిరక్కుండానే ఆవిడ వెళ్లిపోయింది. ఆ ముడి మాత్రం ఇప్పటికీ నా వేళ్లకి వస్తుంది. ఆ ఆదివారం గదిని తలుచుకుంటే చాపా, గోడా, మనుషులూ అంతా ఒకే రంగులో కలిసిపోయి కనబడుతుంది. అందరిలో ముందుగా కాలం కదపబోయేది తననేనని ఆవిడ అప్పటికే చూసే ఉంటుంది. ఆ చూపొక్కటే ఇన్నేళ్లయినా నాకు పట్టుబడలేదు.