ఇద్దరి పేర్లు రాయమన్నారు

ఒకే మధ్యాహ్నం నన్ను పోలీసులు పట్టుకున్నారు, నాకు పెళ్లి కూడా కుదిరింది. ఈ రెండు కబుర్లూ ఇబ్రహీంపట్నంలో సగం మందికి తెలిశాయి. తెలియనివాడిని నేనొక్కడినే. ఆ సమయంలో నేను బాలయ్య సేటు హార్డ్‌వేర్ దుకాణం వెనక గొంతుక్కూర్చుని పీవీసీ పైపు కోస్తున్నాను.

ఈ కథ చెప్పీ చెప్పీ అలసిపోయాను. ఏ దావత్‌కు వెళ్లినా సరిగ్గా మటన్ వడ్డించే వేళకు ఎవడో ఒకడు "శ్రీశైలమన్నా, గా పోలీసుల ముచ్చట జెప్పవా" అంటాడు. నేను చెప్పడం ముగించేసరికి గిన్నెలో పులుసు మాత్రమే మిగులుతుంది. ఒకసారి రాసి పెట్టుకుంటే, అడిగినవాడి చేతిలో ఈ కాగితాలు పెట్టి నా బొక్క నేను కొరుక్కోవచ్చు. అందుకని రాస్తున్నాను.

అప్పటికి డిగ్రీ అయిపోయి చాలా కాలమైంది. మొదట సాగర్ రోడ్డు పక్కన గొడుగు కింద నిలబడి, వచ్చే పోయే కార్లకు ప్లాట్ల కాగితాలు పంచాను. కార్లవాళ్లు అద్దం దించేది దారి అడగడానికే. తర్వాత బాలయ్య సేటు దగ్గర చేరి మూడేళ్లు మొలలు తూచాను, పైపులు కోశాను. మా బాపు నర్సింహ ఆటో నడిపేవాడు. ఆయన కంటిలో పొర వచ్చింది. పొద్దు గూకిందంటే ఎదురుగా వచ్చేది లారీయో బర్రెనో దగ్గరికి వస్తే గానీ తెలిసేది కాదు. "కన్ను చూపిచ్చుకో బాపూ, ఆటో బంద్ పెట్టు" అంటే ఒకటే జవాబు. "నీ మెడల కంపెనీ కార్డు పడ్డనాడు బంద్ పెడ్త. అప్పటిదాక నా జోలికి రాకు." ఆయన ఇంటికి చేరేదాకా మా అమ్మ గడప మీదే కూర్చునేది.

అలాంటి రోజుల్లో బొంగులూరు గేటు దగ్గర ఒక పెద్ద గోదాములో స్టోర్ అసిస్టెంట్ ఉద్యోగం పడింది. నెల జీతం, పీఎఫ్, ఆదివారం సెలవు, మెడలో కార్డు. ఇంటర్వ్యూ బాగానే చేశాను. చివర్లో అక్కడి హెచ్‌ఆర్ మేడమ్ ఒక కాగితం ఇచ్చి, "మీ గురించి బాగా తెలిసినవాళ్లు ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి. ఇంట్లోవాళ్లు కాకూడదు. మేం ఫోన్ చేసి మాట్లాడతాం" అంది.

ఇక్కడ చూడండి నా తెలివి. మా దగ్గర ఎవరో ఒక పెద్దమనిషి మాట లేకుండా దవాఖానలో మంచం కూడా దొరకదని పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగినవాడిని. కంపెనీవాళ్లు పేర్లు అడిగారంటే పైరవీ అడిగారనే అనుకున్నాను. నన్ను ఎరిగినవాడు ఎవడా అని ఆలోచించలేదు. నాకు తెలిసినవాళ్లలో అందరికంటే పెద్దవాడు ఎవడా అని ఆలోచించాను.

మొదటి పేరు మల్లేశన్న. మా గల్లీ లీడరు. తెల్ల చొక్కా, తెల్ల కారు, చెవికి అంటుకుపోయిన ఫోను. ఎవరు ఎదురైనా భుజం తట్టి "యాడికన్న పో, నా పేరు చెప్పు" అనడం ఆయన అలవాటు. నాతో ఎన్నిసార్లు అన్నాడో. చెప్పమన్నాడు కదా, చెప్పేశాను.

రెండో పేరు మా మేనత్త అండాలు. యాచారంలో అంగన్‌వాడీ టీచరు. సర్కారు మనిషి మాటకు బరువెక్కువ ఉంటుందని ఆమెను రాశాను. మేనత్త ఇంట్లో మనిషి కిందికి వస్తుందా రాదా అన్న అనుమానం వచ్చింది గానీ, ఆమె ఇల్లు యాచారంలో ఉందని సర్దిచెప్పుకున్నాను.

ఇద్దరికీ ఒక్క మాట ముందుగా చెప్పావా అని మీరు అడగాలి. అడగండి. చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక మిఠాయి డబ్బాతో వెళ్లి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యానికైతే లోటు రాలేదు.

మా వైపు ఒక పడుచువాడి గురించి తెలియని మనుషులు ఫోన్ చేసి అడిగేది రెండే సందర్భాల్లో. వాడు ఎక్కడో దొరికిపోయినప్పుడు, లేదా వాడికి సంబంధం చూస్తున్నప్పుడు. ఉద్యోగం కోసం కూడా అడుగుతారని మల్లేశన్నకూ తెలియదు, అండాలత్తకూ తెలియదు. ఆ ఫోన్లలో ఏం నడిచిందో తర్వాత తలా ఒక ముక్క చెప్పగా అతికించుకున్నాను.

మేడమ్ ముందు మల్లేశన్నకు చేసింది. "సార్, శ్రీశైలం అనే అబ్బాయి మీకు తెలుసా?"

"ఏ శ్రీశైలం? ఆటో నర్సింహ కొడుకా? ఏం జేసిండు?"

"ఏం చేయలేదు సార్. అతని గురించి కొంచెం అడుగుదామని."

"ఏం జెయ్యకుంటె మీరెందుకు ఫోన్ జేస్తరు మేడమ్? చూడుండ్రి, పోరడు మనోడే. జర ఉడుకు రక్తం. కేసు గీసు రాయకుండ్రి. నేనొచ్చి మాట్లాడ్త. అప్పటిదాక చెయ్యి మాత్రం లేపకుండ్రి."

"సార్, మేమెందుకు కొడతాం?"

"గట్ల అన్నరు, గది మాట. కూసోబెట్టి ఒక చాయ్ తాపుండ్రి. యాడికెంచి మాట్లాడుతుండ్రు?"

"బొంగులూరు నుంచి సార్."

"సమజైంది. ఫికర్ జెయ్యకుండ్రి, నేను జూస్కుంట."

ఫోన్ పెట్టేసి మా బాపుకు కొట్టాడు. "నర్సింహా, నీ కొడుకును బొంగులూరు కాడ పట్టుకున్నరు. ఏడ్వకు. నేనున్న." బాపు ఆటోలో ఉన్న ప్రయాణికులను దారిలోనే దించేసి స్టేషన్‌కు పరుగెత్తాడు. నేను రోజూ ఎక్కడ కూర్చుంటానో అక్కడ ఒకసారి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. దుకాణంలో ఫోన్ ముట్టుకుంటే బాలయ్య సేటు కళ్లు ఎర్రబడతాయి కాబట్టి, నా ఫోన్ గల్లాపెట్టెలో మూగగా పడి ఉంది.

తర్వాత మేడమ్ అండాలత్తకు చేసింది. "అమ్మా, శ్రీశైలం మీకు తెలుసా? ఎలాంటి అబ్బాయి?"

అత్త వెంటనే పిల్లలను గదమాయించి, కొంగు సర్దుకుని నిలబడిందట. "తెల్వకేందమ్మ, మా అన్న కొడుకే. బంగారమసుంటోడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు."

"నలుగురితో సర్దుకుపోతాడా?"

"వాడెందుకు, వాళ్లమ్మ గూడ సర్దుకపోతది. మా వదినకు నోరే లేదు. కోడలిని పల్లెత్తు మాటనదు."

"పని ఎలా చేస్తాడమ్మా?"

"చాయ్ వెడ్తడు, అన్నం వండుతడు, బట్టలు గూడ పిండుతడు. వచ్చే పిల్ల కాలు మీద కాలేసుకొని కూసోవచ్చు. ఇంతకు పిల్ల ఏం జదివింది?"

ఆఫీసులో ఆడపిల్లవి నువ్వేం చదివావని అడుగుతోంది కాబోలు అనుకుంది మేడమ్ పాపం. "నేను ఎంబీఏ చేశానమ్మా" అంది.

"అవునా! నువ్వేనా పిల్లవి? నీ సంబంధం నువ్వే మాట్లాడుకుంటున్నవా తల్లీ? మస్తు ధైర్యం నీకు. మా శ్రీశైలం గాన్ని ఏలుకోనీకె నీ అసుంటిదే కావాలె!"

మేడమ్ ఫోన్ పెట్టేసింది. పిల్లకు సిగ్గేసిందనుకుంది అత్త. అంగన్‌వాడీ మూయగానే కిలో జిలేబీ కట్టించుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కింది.

సాయంత్రం నేను ఒళ్లంతా ప్లాస్టిక్ పొట్టుతో ఇల్లు చేరేసరికి ముంగిట్లో జనం. గడప మీద మా అమ్మ గుండెలు బాదుకుంటోంది. ఆమె పక్కనే అండాలత్త వచ్చినవాళ్లందరికీ జిలేబీ పంచుతోంది. జిలేబీ తీసుకున్నవాళ్లు అమ్మ వైపు చూసి నోట్లో పెట్టుకోవాలా వద్దా అని తికమకపడుతున్నారు.

"కొడుకా! వచ్చినవా! స్టేషన్‌లకెంచి ఎట్లిడిచిండ్రు బిడ్డా?" అమ్మ వచ్చి నా వీపంతా తడిమింది.

"ఎవలిడుసుడేందే?"

"ఏందిరా గీ అవతారం?" అత్త విసుక్కుంది. "ఎంబీఏ పిల్ల వచ్చి జూస్తే ఏమనుకుంటది?"

"ఏ పిల్ల?"

"ఏ స్టేషన్?" అని అప్పుడు అత్త అమ్మను అడిగింది. "ఏ పిల్ల?" అని అమ్మ అత్తను అడిగింది. అంతదాకా ఎవరి కబురు వాళ్లే మోస్తూ పక్కపక్కనే కూర్చున్నారన్నమాట. అత్త చేతిలో జిలేబీ చేతిలోనే ఉండిపోయింది. "ఓయమ్మో, కేసున్నోనికి పిల్లనెవరిస్తరే వదినా?" అని ఆమె కూడా అమ్మ పక్కన కూలబడి ఏడుపు అందుకుంది.

ఇంతలో తెల్ల కారు ఆగింది. మల్లేశన్న దిగాడు. వెనకే ఆటో ఆపి దిగిన మా బాపు, చొక్కా చెమటకు వీపుకు అంటుకుని, పొర కమ్మిన కన్ను చికిలించి నన్ను వెతుక్కుంటున్నాడు. నేను కనబడగానే మల్లేశన్న రెండు చేతులూ చాచాడు.

"చూసినవా నర్సింహా! స్టేషన్‌ల పోరడు లేడనంగనే నాకు సమజైంది. నా ఒక్క ఫోనుకే ఇడిచిపెట్టిండ్రు. నేను జెప్పలే?"

"నీ రుణం తీర్చుకోలేనన్నా" అని బాపు ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, నన్నెవలూ పట్టుకోలే" అన్నాను.

"గట్లనే చెప్పుకో" అని నా చెవిలో అన్నాడు మల్లేశన్న. "బయట గట్లనే చెప్పుకో. నీ ఇజ్జత్ నా ఇజ్జత్."

అప్పుడు మోగింది నా ఫోను. మేడమ్. గొంతు చాలా జాగ్రత్తగా ఉంది. "శ్రీశైలం, మీరు వచ్చే సమయం, పని తీరు గురించి అడుగుదామని నేను ఫోన్ చేశాను. ఒకాయన మిమ్మల్ని కొట్టొద్దన్నారు. ఒకామె నన్ను మీకిచ్చి చేస్తానన్నారు. నాకు ఇద్దరు పిల్లలు."

"మేడమ్, సారీ మేడమ్."

"మీరు ఎక్కడైనా పని చేశారా లేదా? మీ చేత పని చేయించుకున్నవాళ్లు ఒక్కరితోనైనా రేపు మధ్యాహ్నంలోగా మాట్లాడించండి. లేదంటే తర్వాతి అబ్బాయిని పిలుస్తాం."

ఆ సాయంత్రం బాపు ఆటో తీయడానికి మళ్లీ బయల్దేరాడు. స్టేషన్ చుట్టూ తిరిగి బేరాలు పోయాయి కదా మరి. తాళం రంధ్రంలో పెట్టడానికి వేలితో తడుముకుంటున్నాడు. అది చూశాక నాకు సిగ్గనేది మిగల్లేదు.

మర్నాడు దుకాణం తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. "ఎప్పుడిడిచిండ్రు? పెండ్లెప్పుడు?" అన్నాడు బాలయ్య సేటు, షట్టర్ ఎత్తుతూ. ఉన్న సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒకామె వచ్చి కిలో మొలలు అడిగితే తూచి ఇచ్చాడు. ఆమె వెళ్లేదాకా నా వైపు చూడలేదు.

"మూడేండ్లు నా దగ్గర చేసినవ్. నా పేరు రాయనీకె నామోషైందారా?"

"అవ్ సేట్" అన్నాను. "మొలలమ్మే దుకాణం అంటే కంపెనోళ్లు ఏమనుకుంటరోనని రాయలే."

"గా లీడరు నీకేం పని జెప్పిండ్రా ఎన్నడన్న?"

ఆయన చేతులు తుండుగుడ్డకు తుడుచుకుని, "కొట్టు ఫోన్" అన్నాడు.

"మేడమ్, నాకు పొగుడుడు రాదు. పొద్దుగాల ఎన్నడూ టైముకు రాడు. పని జెప్తె ముందుగాల మొకం మాడ్చుకుంటడు, తర్వాత జేస్తడు. మా అమ్మ దవాఖానల ఉన్నప్పుడు దుకాణం తాళాలు వీని చేతుల వెట్టి పోయిన. వచ్చేవరకు దుకాణం ఎట్ల పెట్టి పోయిన్నో గట్లనే ఉన్నది. గంతే నాకు తెల్సింది."

"మీరైతే మళ్లీ పనిలో పెట్టుకుంటారా?"

"మళ్ల పెట్టుకునుడేంది మేడమ్? మీరు తీస్కపోతే వీని అసుంటోన్ని మళ్ల యాడికెంచి తేవాలె నేను?"

సేటు ఫోన్ నా చేతికిచ్చి, ఏమీ అననట్టే లోపలికి వెళ్లిపోయి పైపులు సర్దడం మొదలుపెట్టాడు. నేను గల్లాపెట్టె పక్కన నిలబడి చాలాసేపు ముక్కు తుడుచుకున్నాను.

మెడలో కార్డు పడిన రోజు బాపు ఆ కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఫోటోల నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. ఆటో తాళం గోడకున్న మేకుకు తగిలించాడు. మళ్లీ తీయలేదు.

ఇక్కడితో ఆపితే నాకూ గౌరవంగా ఉండేది. కానీ ఇప్పుడు నేను అదే గోదాములో స్టోర్ ఇన్‌ఛార్జిని. కంపెనీలో ఉన్నాడు, పెద్దోడు అని మా చుట్టుపక్కల ప్రతి పోరడూ దరఖాస్తులో నా పేరు రాస్తాడు. ఒక్కడూ ముందు చెప్పడు. "హలో, ఫలానా అబ్బాయి తెలుసా?" అని ఎవరో అడగడం, నేను తెల్లమొహం వేయడం. అలసిపోయాను. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరు చేసినా, జవాబు చెప్పకముందే విషయమేమిటో అడగడం.

మొన్న ఒకాయన చేశాడు. "మహేశ్ అనే అబ్బాయి మీకు తెలుసా బాబూ? ఎట్లాంటోడు?" మహేశ్ అండాలత్త కొడుకే. నేను ఎంతో తెలివిగా అడిగాను. "ముందు ఒక మాట చెప్పుండ్రి. ఉద్యోగమా, పెండ్లా, పోలీస్ స్టేషనా?"

అవతల ఎవరితోనో గుసగుసలాడడం వినిపించింది.

"పెండ్లికే బాబూ" అన్నాడాయన మెల్లగా. "స్టేషన్ అని ఎందుకడిగినవ్?"

ఆ సంబంధంవాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. అండాలత్త నాతో మాట్లాడడం మానేసింది. అందుకని మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వైపు తిరిగి, మెడలో కార్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎవరు, ఎవరి గురించి, ఎందుకోసం అడిగినా నా నోటి నుంచి ఒకటే మాట వస్తుంది. "మనోడే. కొట్టకుండ్రి."