ఆమె పేరు అంటించిన సీసా

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి.

అప్పట్లో జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో బాధపడే ఆడవాళ్ల మీద అక్కడ పరిశోధన జరిగేది. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా వాళ్లనే చెప్పమనేవాళ్లం. ఆ నొప్పికి తగ్గట్టు మూత్రంలో కొన్ని పదార్థాలు పెరుగుతాయా అని చూసేవారు.

మొగుడంపల్లి నుంచి శంకరమ్మ వచ్చేది. అల్లం చేలల్లో కూలి. ఎప్పుడడిగినా తొమ్మిదో, పదో అనేది. తన మాట చివరిదాకా వినేది నేనొక్కదాన్నేననేది.

ఒకరోజు ఆమె ఇచ్చిన సీసా నా చేయి తగిలి ఒలికిపోయింది. ఆమె అప్పటికే బస్సెక్కేసింది. ముందు వారమే ఇలాంటి పొరపాటుకు చీవాట్లు తిన్నాను. భయపడ్డాను. బాత్రూంలోకి వెళ్లి నా మూత్రమే పట్టి, ఆమె పేరు అంటించి పంపేశాను.

ఫలితం చూసిన డాక్టరు, మూత్రంలో ఏమీ లేదు, మనసుకు సంబంధించిన నొప్పి కావచ్చన్నారు. పక్కనున్న భర్తకు ఆ మాట చాలు. శంకరమ్మ నేరుగా నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నా మూత్రంల ఏం కనవడలేదంట. జర మల్లొక్కపారి సూడరాదు? నాటకం చేస్తున్ననని అంటుండు ఈయన. నువ్వన్న చెప్పక్కా."

నేను తల దించుకున్నాను. "రిపోర్టు గట్లనే వచ్చింది శంకరమ్మా."

"నువ్వు గూడ గట్లనే అంటివా?"

ఏడవలేదు. భర్త వెనకే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

రెండేళ్లకు వాళ్ల ఊరామె చెప్పింది. శంకరమ్మ చేలో కూలబడితే హైదరాబాద్ తీసుకెళ్లారట. మూత్రసంచిలో పుండ్లున్నాయన్నారట. అన్నాళ్లూ మందు లేకుండానే వంగి అల్లం తవ్విందట.

సీసా ఒలకడం పొరపాటు. మార్చడం భయం. మరి ఆమె ఎదురుగా నిలబడి, ఈ లోకంలో నన్నొక్కదాన్నే నమ్మి అడుగుతున్నప్పుడు, ఒక్క నిజం చెబితే ఆ రిపోర్టు ఆమెది కాదని తేలిపోయే ఆ క్షణంలో నేను నోరు విప్పకపోవడాన్ని ఏమనాలి? ఉద్యోగం కోసమా? ఆరు నెలలకే ఆ ఉద్యోగం నేనే మానేశాను.

మొగుడంపల్లి వెళ్లలేదు. వెళతానో లేదో తెలియదు. ఆమెకు ద్రోహం చేసింది నేనే. ఇంత రాశాక గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకూ సిగ్గుగానే ఉంది.