సీతాఫలాల కాలపు గుబులు

మహబూబ్‌నగర్ బస్టాండు బయట గంపల్లో సీతాఫలాలు దిగాయంటే, మాగిన ఆ తీపి వాసన మా డిగ్రీ కాలేజీ హాస్టల్ దాకా వస్తుంది. తోటి పిల్లలు ఎగబడి కొనుక్కుంటారు. నాకు మాత్రం ముందు అరచేతులు చల్లబడతాయి, తర్వాతే నోరూరుతుంది.

మాది అచ్చంపేట పక్కన చిన్న ఊరు. తెలంగాణ వచ్చిన ఏడు నాకు ఎనిమిదేళ్లు. వానలు తగ్గి, గట్ల మీద తంగేడు విరగబూసి, ఆడపిల్లలమంతా గునుగు పూల కోసం పోటీపడి, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది ఒళ్లో పోసుకుని తింటూ అరుగుల మీద అచ్చనగండ్లు ఆడే రోజులవి. మా అవ్వ అడవి అంచు నుంచి తెచ్చిన కాయలను వరిగడ్డిలో మాగబెట్టి, కండ్లు విచ్చినవాటిని వేలితో ఒత్తి చూసి ఏరి పెట్టేది. సరిగ్గా అప్పుడే నాకు కడుపునొప్పి మొదలయ్యేది, గుండె దడదడలాడేది. అమ్మ పత్తి ఏరడానికి బయలుదేరితే కొంగు వదిలేదాన్ని కాదు. బడికి పొమ్మంటే గడప దగ్గరే కూలబడేదాన్ని. దవాఖానలో ఏ జబ్బూ లేదన్నారు.

ఒక పొద్దున పెరట్లో అవ్వ నా ముందు పండు విప్పి పెట్టింది. వాసన తగలగానే నేను వాకిట్లోకి ఉరికి, "అమ్మ ఏది?" అని అరిచాను. అమ్మ అక్కడే కూర్చుని బియ్యం చెరుగుతోంది. నా వెనకే వచ్చిన అవ్వ చేతిలో పండు అట్లాగే ఉండిపోయింది.

"గిది నేను చేసిన పాపమే బిడ్డా," అంది నన్ను దగ్గరికి తీసుకుని. "నీకు మూడేండ్లప్పుడు మీ అమ్మ, బాపు బొంబాయికి మట్టిపనికి పోయిండ్రు. నువ్వు ఏడుస్తవని పెరట్ల కూసోబెట్టి సీతాఫలం తినిపిచ్చిన. గంతట్లనే వాళ్లు ఎక్కిన లారీ ఎల్లిపోయింది. నువ్వు మర్శినవ్ గని, నీ లోపటి మనసు మర్వలే."

నాకు ఆ రోజు గుర్తులేదు, ఇప్పటికీ లేదు. వాళ్లు రెండేళ్లకు తిరిగొచ్చారు, మళ్లీ పోలేదు. అయినా ఆ వాసన వస్తే అమ్మ పోతుందని నా లోపల ఏదో గట్టిగా నమ్మేసింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ చెప్పకుండా గడప దాటలేదు. "బోరింగు కాడికి పోతున్న, బిందె నిండంగనే వస్త" అని అమ్మ చెప్పి పోయేది, అన్నట్టే వచ్చేది. ఆ కాసేపూ అవ్వ నా వీపు నిమురుతూ, "భయమైతాంది గదా? కానియ్. మెల్లగ ఊపిరి ఇడువు" అనేది. భయపడొద్దని ఒక్కసారీ అనలేదు. తర్వాత చేను దాకా, ఆ తర్వాత సంత దాకా. ఒకసారి సంత నుంచి అమ్మ వచ్చే బస్సు ఆలస్యమైతే నేను వణికిపోయాను. అవ్వ నన్ను రోడ్డు దాకా నడిపించుకుపోయింది. అమ్మ దిగుతూనే, "ఆలిశమైంది బిడ్డా, తప్పు నాదే" అంది. ఆ చలికాలం ముగిసేలోపు, "బడికి పోతున్న, సాయంత్రం వస్త" అని నేనే చెప్పి వెళ్లడం నేర్చుకున్నాను.

ఇప్పుడు మా ఊరికి ఆ లారీలు రావు. అరుగులు కొట్టేసి సిమెంటు మెట్లు కట్టారు. అవ్వ కూడా లేదు. నిరుడు ఎండాకాలం మంచం పట్టినప్పుడు నన్ను పిలిపించుకుని, చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నేను పోతున్న బిడ్డా. మల్ల రాను. ఈసారి చెప్పే పోతున్న."

చాలా రోజులు ఏడ్చాను. భయం మాత్రం వేయలేదు.